రోడ్డు కన్నా ఎత్తుగా

మేం పలాసలో ఇల్లు కడుతున్నామని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండేది. ఆరు నెలలుగా మేం చేస్తున్నది ఇల్లు కట్టడం కాదు, గొయ్యి పూడ్చడం. పొద్దున్నే టిప్పర్ వచ్చి ఎర్ర గ్రావెల్ కుమ్మరించి పోయేది. జేసీబీ దాన్ని వెనక్కి నెట్టేది. సాయంత్రం చూస్తే ఆ గుట్ట ఎటు పోయిందో ఆనవాలు ఉండేది కాదు. మర్నాడు మళ్లీ టిప్పర్. నేను గొడుగు వేసుకుని రోడ్డు పక్కన నిలబడి, డబ్బు మట్టిలో పొయ్యడమంటే ఏమిటో రోజూ కళ్లారా చూసేదాన్ని.

స్థలం అలాంటిది మరి. కొండ వాలులో, రోడ్డుకి పడమటి వైపు ఉంది. రోడ్డు దగ్గర సమంగానే మొదలవుతుంది. వెనక్కి వెళ్లేకొద్దీ దిగిపోతుంది. చివర సరిహద్దు రాయి దగ్గర నిలబడి తలెత్తితే రోడ్డు మీద పోయే ఆటో చక్రాలు నా నెత్తి కన్నా పైన కనిపించేవి.

దీన్ని మాకు కొనిపెట్టింది నా మరిది తారకేశ్వరరావు. కాశీబుగ్గలో జీడిపప్పు ఏజెన్సీ నడుపుతాడు, ఖాళీ ఉన్నప్పుడు స్థలాలు అమ్మిస్తాడు, ఎప్పుడూ ఖాళీగానే ఉంటాడు. "సదును జాగా రేటులో సగానికే వచ్చింది వదినా" అన్నాడు. సగానికే ఎందుకిస్తున్నారని అడిగినదాన్ని నేనొక్కదాన్నే. "వాలు గదా, కొంచెం ఫిల్లింగ్ సేసుకోవాల, అంతే" అన్నాడు. ఆ కొంచెం ఎంతో ఆ రోజు అడక్కపోవడం మా తప్పు.

మాది బారువ అవతల సముద్రపు ఒడ్డు ఊరు. ఇసక నేల, కొబ్బరి, జీడితోటలు. మా ఆయన తిరుమలరావు నాకు మేనత్త కొడుకు. అందుకే ఇప్పటికీ బావా అనే పిలుస్తాను. మాకు పిల్లల్లేరు. మా ఉద్దానం వైపు వీధికి ఇద్దరు ముగ్గురికి వచ్చినట్టే ఆయనకీ కిడ్నీ జబ్బు వచ్చింది. ఏడాదిన్నర నుంచి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆటోలో పలాస ఆసుపత్రికి వెళ్లడం, నాలుగు గంటలు మంచం మీద ఉండడం, పిండేసిన బట్టలా బయటికి రావడం, మళ్లీ అంత దూరం కుదుపులు తింటూ తిరిగి రావడం. ఒకనాడు వెనక్కి వస్తూ హరిపురం దాటాక బీపీ పడిపోయి నా ఒళ్లోకి వాలిపోయాడు. ఆటోవాడు ఆపి, వెనక్కి తిప్పమంటారా, ముందుకి పొమ్మంటారా అని అడుగుతున్నాడు. హైవే పక్కన నిలబడి ఏడ్చాను. ఆసుపత్రికి దగ్గర్లో ఈయన్ని పడుకోబెట్టడానికి ఒక గది కావాలని ఆ రోజే అనుకున్నాను. నేనడిగింది అంతే, ఒక్క గది.

అద్దెకి వెతికాం. డయాలసిస్ అని వినేసరికి ఇంటివాళ్ల గొంతు మారిపోయేది. "మా పెద్దోల్లని అడిగి సెప్తామండీ" అనేవారు. వాళ్ల భయం నాకు తెలుసు. అద్దె మనిషి వాళ్లింట్లో పోయి, ఆ నక్షత్రం మంచిది కాకపోతే, నెలల తరబడి ఇల్లు మూసెయ్యాలి. పోయినవాడి ఖర్మ సంగతెలా ఉన్నా అద్దె పోతుంది. నాలుగు గుమ్మాలు ఎక్కి దిగాక మా ఆయన "ఒకడి కొంపలో సావడానికి ఒకడ్ని బతిమాలడమేటి? మనమే కడదాం" అన్నాడు. నేను సరేనన్నాను. ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు. కొండ వాలులో కట్టి చూడమని వాళ్లు కూడా అనలేదు.

కొలతలు పెట్టిన రోజు అందరం స్థలం దగ్గర చేరాం. మేస్త్రి అప్పలరాజు టేపు పట్టుకుని కిందికి దిగాడు. మా మరిది తారకేశం, వాస్తు చూడ్డానికి సిద్ధాంతి గార్ని బండి మీద తీసుకొచ్చాడు. ఆయన దిక్సూచి అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిరిగి పెదవి విరిచారు.

"తూర్పు మెరక, పడమర పల్లం. నైరుతైతే మరీ గొయ్యి. ఇలాంటి చోట ఇంటి యజమానికి ఆరోగ్యం నిలవదు" అన్నారు.

ఇంటి యజమాని డయాలసిస్ సూదుల కోసం ఫిస్టులా పెట్టిన చేతికి తువ్వాలు చుట్టుకుని ఆయన ఎదురుగానే నిలబడి ఉన్నాడు. ఆ మాట చెప్పడానికి దిక్సూచి ఎందుకో నాకర్థం కాలేదు. పడమర వైపు నింపి, తూర్పు కన్నా ఒక జానెడైనా ఎత్తు చెయ్యాలన్నారు సిద్ధాంతి గారు. అక్కడితో ఆగినా బాగుండేది. మా ఆయన అందుకున్నాడు.

"రోడ్డు కన్నా మూడున్నర అడుగులు లేవాల. దాని మీదే పునాది."

"రోడ్డు కన్నా ఎందుకు బావా? రోడ్డుకి సమంగా ఉంటే సాలదా? ఆటో దిగి లోనికి ఎల్లిపోవచ్చు."

"రోడ్డుకి సమంగా ఇల్లేటే? కొట్టు గదిలాగ!"

నేను అప్పలరాజు వైపు తిరిగాను. వెనక భాగాన్ని నింపకుండా పిల్లర్ల మీద లేపితే ఎలా ఉంటుందని అడిగాను. నాకు ఇంజినీరింగ్ రాదు. టెక్కలి వెళ్లే దారిలో ఒక మిద్దె అలా కట్టి ఉండగా బస్సులోంచి చూశాను, అంతే.

"సెయ్యొచ్చమ్మా. ముందు గదులు రోడ్డుకి సమంగా ఉంటాయి, ఎనకవి పిల్లర్ల మీద ఉంటాయి. కింద ఖాళీ మిగులుద్ది, బండెట్టుకోవచ్చు. గ్రావెల్, గోడ కర్సులో మూడో వంతుకి తేలిపోద్ది" అన్నాడు అప్పలరాజు.

"కొంగలాగ కాళ్ల మీద నిలబడే ఇల్లేట్రా?" అన్నాడు మా ఆయన. తారకేశం పకపకా నవ్వాడు. సిద్ధాంతి గారు కింద బోలుగా ఉంటే లక్ష్మి నిలవదన్నారు. మగవాళ్లు ముగ్గురూ ఒక మాట మీద ఉన్నారని అప్పలరాజు టేపు చుట్టేశాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. మా ఇంట్లో చెప్పేదాన్ని నేనే, లోకువా నేనే.

మా ఆయనకి ఎత్తు పిచ్చి ఎక్కడిదో నాకు తెలుసు. మా ఊళ్లో ఇళ్లన్నీ ఎత్తరుగుల మీదే ఉంటాయి. తుపాను వస్తే సముద్రం ఇసక దిబ్బలు దాటి వీధిలోకి వస్తుంది. ఎవరి అరుగు ఎత్తుగా ఉంటే వాళ్ల గింజలు తడవవు. మా మామగారి తండ్రి నడుమెత్తు అరుగు కట్టించాడట. ఒక తుపానులో వీధివీధంతా పిల్లల్ని, మేకల్ని తెచ్చుకుని ఆ అరుగు మీద రెండు రోజులు కూర్చున్నారట. ఈ కథ నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి వింటున్నాను. వినేకొద్దీ మేకలు పెరుగుతున్నాయి. కథ బాగానే ఉంటుంది. కానీ అది సముద్రం ఒడ్డున జరిగింది. ఇది కొండ వాలు. చెంబుడు నీళ్లు ఒంపితే దొర్లుకుంటూ వెళ్లి రెండు స్థలాల అవతల పడతాయి.

"బావా, కొండెక్కి వస్తాదేటి సముద్రం?" అని అడిగాను.

"నువ్వు నవ్వు. నీరు వచ్చినప్పుడు తెలుస్తాది" అన్నాడు.

ఇంక అప్పలరాజుతో తారకేశం చేసిన బేరం సంగతి. చదరపు అడుక్కి ఇంత అని మాట్లాడుకొచ్చి "సవగ్గా కుదిర్చాను వదినా" అన్నాడు. నేనూ సంతోషించాను. తీరా పని మొదలయ్యాక అప్పలరాజు గ్రావెల్ డబ్బులు అడిగితే, అది బేరంలో లేదా అన్నాను.

"బేస్‌మెంట్ పైనుంచే గదమ్మా నా రేటు. కింద పని ఏరే. తారకేశం బాబుకి సెప్పాను" అన్నాడు అప్పలరాజు.

మా వైపు అంతా అలాగే మాట్లాడుకుంటారు. చదును నేల మీద ఆ కింద పనంటే నాలుగు వరసల రాయి, రెండు బళ్ల మట్టి. దాన్ని ఎవరూ పట్టించుకోరు. మాకేమో కింద పనే అసలు పని అయింది. వెనక నుంచి నిలువెత్తు దాటి రాతి గోడ లేపాలి, లేకపోతే పోసిన మట్టి నిలవదు. ఆ గోడకి ఒక పునాది. ఆ గోడకీ ముందు గోడకీ మధ్య గ్రావెల్ నింపాలి. నింపిన ప్రతి పొరనీ నీళ్లు పెట్టి దిమ్మిస కొట్టాలి. ఇల్లు ఏదని చుట్టాలు అడిగితే, లోపల ఉందని నేల చూపించేదాన్ని.

వర్షాలు పట్టాక ఆ ముచ్చటా తీరింది. రాత్రంతా కురిసి తెల్లారేసరికి పోసిన మట్టి మోకాల్లోతు కుంగింది. తారకేశం పని తొందరగా కావాలని నాలుగు పొరలకి ఒకసారి దిమ్మిస కొట్టించాడట. గోడ కూడా పొట్ట ఉబ్బింది. లోపల నీళ్లు బయటికి పోవడానికి గోడలో గొట్టాలు పెట్టాలని అప్పలరాజు అంటే, ఖర్చెందుకని మానిపించింది కూడా మా మరిదే. ఉబ్బిన మేర విప్పి మళ్లీ కట్టారు. కుంగిన చోట మళ్లీ పోశారు. అప్పుడు తెలిసింది, ఆ టిప్పర్లు తారకేశం బామ్మర్దివని.

"తెలిసినోడైతే మోసం ఉండదని పెట్టించాను వదినా" అన్నాడు నా మొహం చూడకుండా.

"ఇంకా నయం, తెలియనోడు గాదు" అన్నాను.

మా ఆయనకి ఇవేవీ పట్టవు. డయాలసిస్ అయిన రోజుల్లో ఆటో మనిషితో చెప్పి స్థలం మీదుగా తిప్పించుకునేవాడు. ఆటోలోంచి దిగే ఓపిక ఉండేది కాదు. సీటు కమ్మీ పట్టుకుని తల బయటికి పెట్టి ఎంత లేచిందని అడిగేవాడు. ఇంకా రోడ్డుకి రాలేదంటే ముఖం మాడ్చుకునేవాడు. రోడ్డుకి సమానంగా వచ్చిందన్న రోజు నాకు పండగలా అనిపించింది. ఇక్కడితో ఆపుదాం బావా, గోడలు లేపుదాం, దసరా నాటికి చేరిపోదాం అని గడ్డం పట్టుకుని బతిమాలాను.

"ఇంకా మూడున్నర ఉంది" అన్నాడు.

ఆ మూడున్నర అడుగులకి మెట్లు లెక్కేశారు. ఏడు వచ్చాయి. బేసి సంఖ్య, శుభం అన్నారు సిద్ధాంతి గారు. ఆసుపత్రి గుమ్మం ముందున్న రెండు మెట్లు ఎక్కడానికి ఈయన నా భుజం పట్టుకుని మధ్యలో ఒకసారి ఆగుతాడు. ఇంటి ముందు ఏడు మెట్లు! పోనీ ర్యాంపు పెట్టమన్నాను. చక్రాల కుర్చీ అయినా తోసుకెళ్లొచ్చు కదా అని నా ఆశ. అప్పలరాజు తల గోక్కున్నాడు.

"ఇంత ఎత్తుకి ర్యాంపంటే నలభై అడుగుల పొడుగైనా ఉండాలమ్మా. మనకి గోడకీ రోడ్డుకీ మధ్య ఐదడుగులే ఉంది. నిట్టనిలువుగా పోస్తే జారుడుబల్లవుద్ది" అన్నాడు.

ఆ రాత్రి అన్నం దగ్గర నేను గొడవ పడ్డాను. నీకోసం కడుతున్న ఇల్లు నువ్వెక్కలేకుండా కట్టించుకోవడమేటని అరిచాను. ఉప్పు లేని కూర కలుపుకుంటూ తలెత్తలేదు. "అలవాటైపోద్దిలే" అన్నాడు. "ఎవరికి?" అన్నాను. నాకు ఆయన్ని చూస్తే ఎంత కోపం వచ్చిందంటే, డాక్టరు లెక్క ప్రకారం ఇవ్వాల్సిన గ్లాసుడు నీళ్లు ఎదురుగా పెట్టి పెరట్లోకి పోయాను. ఈ మనిషికి తన జబ్బేమిటో ఇంకా తెలియడం లేదనుకున్నాను. ఒప్పుకోడు, అంతే. ఊళ్లో పెద్దరికం చేసినవాడు, చేతికి సూది గుచ్చుతున్నప్పుడు కూడా పక్క మంచం వాళ్ల భూమి తగాదా తీర్చేవాడు. ఆ బడాయి పోలేదనుకున్నాను.

సింహద్వారం ఎత్తడానికి ముహూర్తం పెట్టారు. బుధవారం పొద్దున్న. బుధవారం డయాలసిస్ రోజు. వేరే రోజు చూడమంటే, ఇది దాటితే మళ్లీ రెండు నెలలకి గానీ లేదన్నారు. మా ఆయన ఆసుపత్రిలో అడిగి తన వంతు మర్నాటికి మార్పించుకున్నాడు. అంటే సోమవారం నుంచి గురువారం దాకా ఒంట్లో నీరు అలాగే ఉంటుంది. వద్దని చెప్పి చూశాను. ద్వారబంధానికి పసుపు రాయాల్సింది నేను కాబట్టి నేను రానని కూడా బెదిరించాను. వెర్రి వెయ్యి విధాలు. ఆయన విన్లేదు, నేను వెళ్లకుండా ఉండలేకపోయాను.

ఆ పొద్దున్న ఆయన కాళ్లు మొద్దుల్లా వాచి ఉన్నాయి. చెప్పుల్లో పట్టక వట్టి కాళ్లతో ఆటో దిగాడు. అప్పటికి ఆ మూడున్నర అడుగులూ పోసేశారు, ముందు ఏడు మెట్లూ కట్టేశారు. పైన ఎర్ర గ్రావెల్ చదునుగా పరిచి ఉంది. దాని అంచున టేకు ద్వారబంధం పడుకోబెట్టి ఉంది, దానికి మామిడాకులు, బంతిపూలు. చుట్టాలు పదిమంది పైన నిలబడ్డారు. కింద నుంచి చూస్తే అందరూ స్టేజీ మీద ఉన్నట్టున్నారు. యజమాని చెయ్యి వేస్తే గానీ ద్వారం లేవకూడదు, రండి రండి అని సిద్ధాంతి గారు పై నుంచి పిలుస్తున్నారు.

మా ఆయన మొదటి మెట్టెక్కాడు. రెండోది ఎక్కాడు. నేను చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నాడు. మూడో మెట్టు మీద ఆగాడు. ఊపిరి అందడం లేదు, గొంతులోంచి ఈల వస్తోంది. ఆయన గోడ కోసం చెయ్యి చాపాడు. అక్కడ ఇంకా గోడ లేదు. అలాగే కూలబడ్డాడు.

తారకేశం పరిగెత్తుకొచ్చాడు. "కుర్సీ తెండ్రా! కుర్సీలో ఎత్తి పైకి లేపుదాం. ముహూర్తం దాటిపోతంది" అని అరుస్తున్నాడు. నేను ఆయన పక్కన కూర్చుని వీపు రాస్తున్నాను.

"సూసినావా? సూసినావా బావా? నెత్తీ నోరూ కొట్టుకుని సెప్పాను. ఎవరి కోసం ఈ ఎత్తు? ఎవర్ని ఉద్దరిద్దామని?"

ఆయన కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. నాకొక్కదానికే వినపడేలా చెప్పాడు.

"నీకోసమే."

"నాకోసమా?"

"నాను ఎన్నాల్లుంటానే? ఈ మెట్లు ఎక్కలేనని నాకు తెల్దేటి? ఆసుపత్రి మెట్లు ఎక్కలేని నాటినుంచే తెలుసు. రేపు నువ్వొక్కదానివే ఉంటావు. రోడ్డు మీద పోయే ప్రతోడూ నీ ఇంట్లోకి తొంగి సూడకూడదు. వాన నీరు నీ గడప తొక్కకూడదు. రేపు రోడ్డు ఎత్తు పెంచితే నువ్వెవర్ని బతిమాలతావు? తారకేశాన్నా? అందికే, నానున్నప్పుడే లేపీసి ఎల్లిపోదామని."

ఆరు నెలలు పోట్లాడాను ఈయనతో. జబ్బు తెలియని మూర్ఖుడనుకున్నాను. నేను ఈయన బతకడానికి ఇల్లు కడుతున్నాను. ఈయన తను పోయాక నేను బతకడానికి కడుతున్నాడు. ఒకే జాగాలో ఇద్దరం రెండిళ్లు కడుతున్నాం. రెంటికీ మట్టి మోసింది మాత్రం ఒకటే సొమ్ము. నాకు దుఃఖం పొంగుకొచ్చింది. దాని వెనకే, అంతకు పదింతలు కోపం వచ్చింది.

"నానడిగానా?" అన్నాను. పైనున్నవాళ్లందరికీ వినపడింది, వినపడనీ అనుకున్నాను. "నువ్వు లేనప్పుడు నాను ఎక్కడుండాలో నువ్వెవడివి సెప్పడానికి? ఎత్తు మీద కూకుని రోడ్డు సూసుకోమంటావా నన్ను? ఊరొదిలి, సెట్లొదిలి ఈ కొండలోకి ఎందుకొచ్చాను నాను? నీ మంచం ఏసుకోడానికి ఒక గది కోసం. ఆ గదిలోకి నువ్వు రాలేకపోతే ఈ మట్టంతా నాకెందుకు? నా నెత్తి మీద పోసుకోడానికా?"

ఆయన వాచిన పాదాల కేసి చూసుకుంటున్నాడు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. ఆయన ఏడవడం నేను చూడడం అదే మొదటిసారి.

నేను లేచి కొంగు బిగించుకున్నాను. "అప్పలరాజూ! ఆ ద్వారబంధం పక్కకి జరిపించు. ఈ రోజు ఎత్తడం నేదు. ఈ మెట్లు కొట్టీయ్. రోడ్డు కన్నా ఎత్తుగా పోసిందంతా తీసీయ్."

"వదినా!" అన్నాడు తారకేశం. "ఆ మూడున్నర అడుగులకి ఎంతైందో తెలుసా?"

"నాకు తెల్దా? టిప్పరు టిప్పరుకీ సంతకం ఎట్టింది నానే."

సిద్ధాంతి గారు మెట్ల దాకా వచ్చారు. "తొందరపడకమ్మా. ఇప్పుడిప్పుడే పడమర ఎత్తు కుదిరింది. మళ్లీ కదిపితే యజమానికి అరిష్టం."

"యజమాని ఎక్కలేని ఇంటి కన్నా అరిష్టం ఏటుంటాది బాబూ?" అన్నాను.

ఆయన దగ్గర దానికి శాస్త్రం లేనట్టుంది. కండువా దులుపుకున్నారు. అప్పలరాజు నా పక్కకి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"రోడ్డు నీటి సంగతి బాబు మొదట్నుంచీ అంటన్నది నిజమేనమ్మా. గుమ్మం ముందు అడ్డంగా కాలవ తీసి ఇనప జాలీ ఎట్టీమంటారా? నీరంతా పక్కనుంచి కొండ కిందకి పోద్ది."

"ఈ ముక్క ఆరు నెలల కితం సెప్పలేకపోయావా?"

"ఎవరడిగారమ్మా?" అన్నాడు.

ఆయన్ని అదే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. పరిస్థితి చూసి మర్నాటి దాకా ఆగకుండా ఆ మధ్యాహ్నమే మంచం ఇచ్చారు. రాత్రి అక్కడే ఉన్నాం. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు, నిద్రపోలేదు. కోపం ఇంకా దిగలేదు నాకు.

మర్నాడు పొద్దున్నే ఆయన్ని నర్సుకి అప్పజెప్పి నేను స్థలం దగ్గరికి వెళ్లేసరికి పొక్లెయిన్ వచ్చి ఉంది. పోసినందుకు ఒక డబ్బు, తీసినందుకు ఒక డబ్బు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటే మగవాళ్లందరికీ కోపం వస్తుంది గానీ, ఆ సామెత మా స్థలం కోసమే పుట్టింది. తవ్వి తీసిన గ్రావెల్ ఇంకో లేఅవుట్‌కి తోలుకుపోతానని తారకేశం బయల్దేరాడు. "ఎలాగూ ఊరికే పారబోసేదే గదా వదినా" అన్నాడు. మాకు పోసిన రేటుకే తోలుకుపొమ్మన్నాను. నీళ్లు నమిలాడు. బేరమాడాడు. చివరికి ఆ రేటులో సగం అక్కడే లెక్కపెట్టి ఇచ్చాడు. ఈ ఇల్లు మొదలయ్యాక నాకు సంతోషం కలిగిన మొదటి లావాదేవీ అదే.

నేను ఆసుపత్రికి తిరిగి వెళ్లాక, పది దాటి మా ఆయన్ని డిశ్చార్జి చేశారు. ఆటో స్థలం దగ్గర ఆపమన్నాడు. కాళ్ల వాపు తగ్గి మళ్లీ చెప్పుల్లో పట్టాయి. దిగి, నా భుజం పట్టుకుని రోడ్డు అంచున నిలబడ్డాడు. మెట్లు అప్పటికే లేవు. పొక్లెయిన్ తొట్టె వంగడం, నింపుకోవడం, టిప్పర్లో ఒంపడం చూస్తూ ఉన్నాడు. ప్రతి తొట్టెకీ ఆయన చేతివేళ్లు నా భుజం మీద బిగుసుకుంటున్నాయి. అంత ఇష్టపడి పోయించుకున్న మట్టి అది.

"ఇంకెంత దించాలే?" అని అడిగాడు చివరికి.

"నువ్వు కాలెత్తకండా లోనికి ఎల్లీదాకా" అన్నాను.